వర్తకులను ఒక్కతాటిపైకి తెచ్చిన ఆంధ్ర పితామహుడు

మరిపెడ: మండల కేంద్రాలలో కిరాణా వర్తక సంఘం, వస్త్ర వ్యాపారుల సంఘం, ఎరువుల దుకాణదారుల సంఘం, అడ్తిదారుల సంఘం అంటూ బోర్డులు కనిపించడం నేడు సాధారణ విషయం. వేసవిలో చలివేంద్రం పెట్టాలన్నా, బడిపిల్లలకు పలకలు, పుస్తకాలు పంచాలన్నా, జాతరకు చందా వేయాలన్నా ఊరివారు మొదట తొక్కేది ఆ సంఘాల గడపనే. పత్తి, మిర్చి పంటలతో బతికే మరిపెడ వంటి ఊళ్లలో దుకాణదారుల ఐక్యత ఊరి బాగోగులతో పెనవేసుకుపోయింది. అయితే వందేళ్ల కిందట ఇదే నేలపై వర్తకులు సంఘం పెట్టుకున్నది వ్యాపారం పెంచుకోవడానికో, పన్ను తగ్గించుకోవడానికో కాదు. తమ దుకాణంలోని బియ్యాన్ని తమ ధరకు తాము అమ్ముకునే హక్కు కోసం. ఆ హక్కు కాగితం మీద ఉందని వారికి చెప్పి, దాన్ని అడిగే తీరు నేర్పిన వ్యక్తి మాడపాటి హనుమంతరావు. ఆంధ్ర పితామహుడిగా, హైదరాబాదు నగర మేయరుగా, శాసన మండలి అధ్యక్షుడిగా ఆయనను గుర్తుంచుకున్నవారు ఉన్నారు. పల్లె దుకాణదారు పక్షాన ఆయన చేసిన పని మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

సూర్యాపేట పంచన

కృష్ణా జిల్లా నందిగామ తాలూకా పొక్కునూరులో 1885 జనవరి 22న మాడపాటి జన్మించారు. ఆ ప్రాంతం 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తండ్రి వెంకటప్పయ్య, తల్లి వెంకటసుబ్బమ్మ. తండ్రి చిన్నతనంలోనే మరణించడంతో నిజాం రాజ్యంలోని సూర్యాపేటలో మేనమామల పంచన పెరిగారు. మరిపెడ ప్రాంతానికి సూర్యాపేట పొరుగు బజారు వంటిదే. హైదరాబాదు నుంచి బందరు వెళ్లే బాటపై ఉన్న ఆ ఊరు ఆనాటికే వ్యాపార కేంద్రం. బండ్ల వరుసలు, ధాన్యం కొలతలు, పటేలు పట్వారీల హుకుంలు చూస్తూ పెరిగిన బాలుడికి అంగడి అంటే ఏమిటో ఎవరూ ప్రత్యేకంగా చెప్పవలసిన అవసరం కలగలేదు.

చదువు సూర్యాపేటలో, తర్వాత హనుమకొండలో సాగింది. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీక భాషలలో గట్టి పట్టు సంపాదించారు. ఈ రెండు భాషలే తర్వాతి కాలంలో ఆయన చేతి ఆయుధాలయ్యాయి. నిజాం రాజ్యంలో పాలన, కోర్టు వ్యవహారాలు ఉర్దూలో నడిచేవి. సర్కారు జారీచేసే ఆజ్ఞాపత్రాలను గస్తీలు అనేవారు. అవి ఉర్దూలో అచ్చయి, తాలూకా కచేరీల అలమరాలలో ఉండిపోయేవి. ఎవరి మేలు కోసం ఆ ఆజ్ఞ పుట్టిందో వారికి అది చదవడం రాదు. చదవగలిగినవారికి దాన్ని చదివి వినిపించవలసిన అవసరం లేదు.

మెట్రిక్యులేషన్ తర్వాత హనుమకొండలోనే విద్యాశాఖ కార్యాలయంలో చిన్న ఉద్యోగంలో చేరారు. 1904లో ఆ పట్టణంలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందు, 1901లో, హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు తదితరుల పూనికతో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. హనుమకొండ గ్రంథాలయంతో పెనవేసుకున్న యువ ఉద్యోగి మాడపాటి 1912లో హైదరాబాదుకు మారారు. కథలు రాశారు. ఆ ఏడాది ఆంధ్ర భారతి పత్రికలో అచ్చయిన హృదయశల్యము తెలంగాణ తొలినాటి కథలలో ఒకటిగా పేరుపొందింది. కొంతకాలం ప్రభుత్వంలో అనువాదకుడిగా పనిచేసి, న్యాయశాస్త్ర పరీక్ష నెగ్గి, 1917లో వకీలు వృత్తి చేపట్టారు.

మకాం వేసిన రోజు

ఆనాటి పల్లె అంగడి పరిస్థితి తెలియకుంటే మాడపాటి పని విలువ బోధపడదు.

తాలూకా నుంచి అధికారి పర్యటనకు బయలుదేరితే ఆయన వెంట గుమస్తాలు, జవానులు, గుర్రాలు, ఒక్కోసారి కుటుంబం కూడా కదిలేవి. దారిలో ఏ ఊళ్లో మకాం వేస్తే ఆ ఊరి నెత్తిన భారం పడేది. కుమ్మరి కుండలు ఇవ్వాలి. చాకలి గుడ్డలు ఉతకాలి. మంగలి సేవ చేయాలి. గొల్ల మేకనో గొర్రెనో తోలుకురావాలి. మాదిగ చెప్పులు, వారులు సమకూర్చాలి. వడ్డెర, బేగరి బరువులు మోయాలి. రైతు తన బండినీ ఎడ్లనూ పొలం పనుల నడుమ వదిలిపెట్టి ఇవ్వాలి. ఇదే వెట్టి. ఈ జాబితాలో చివర ఉన్నవాడు ఊరి కోమటి. బియ్యం, పప్పు, నెయ్యి, నూనె, చింతపండు, మిరపకాయలు, దీపానికి చమురు ఆయన దుకాణం నుంచే వెళ్లాలి. ఈ సరఫరాకు రసద్ అని పేరు.

రసద్ పూర్తిగా ఉచితమని సర్కారు ఎక్కడా చెప్పలేదు. అధికారులు నిర్ఖు అనే ధరల పట్టీ వేసేవారు. అది బజారు ధరకు చాలా దిగువన ఉండేది. ఆ కొద్దిపాటి సొమ్మయినా చేతికి వస్తుందన్న భరోసా లేదు. చీటీ రాసి వెళ్లిపోయేవారు కొందరు, చీటీ కూడా రాయనివారు కొందరు. పోలీసు పటేలు మనిషి వచ్చి సరుకు పేరు చెప్పి సంచి చాపితే, లేదనడానికి ఒంటరి దుకాణదారుకు గుండె చాలేది కాదు. కాదంటే తూనిక రాళ్లు తప్పుడివంటారు, మరో కేసు మోపుతారు, కనీసం నాలుగుసార్లు కచేరీ చుట్టూ తిప్పుతారు. మరిపెడ కూడలిని ప్రజలు నేటికీ మరిపెడ బంగ్లా అని పిలుచుకుంటారు. బంగ్లా అన్న మాట ఈ రోజు బస్సు ఆగే చోటును సూచిస్తే, ఆనాటి తెలంగాణ పల్లెల్లో అది దొరవారు దిగే చోటును, సంచి పట్టుకుని వచ్చే జవానును గుర్తుచేసేది.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. వర్తకుడు పోగొట్టుకున్నది ఎక్కడో ఒకచోట రాబట్టుకునేవాడు. అధికారికి ఊరకే పోసిన నెయ్యి ఖరీదు రైతు అప్పు మీద వడ్డీగా, కొలతలో కొసరుగా మారేది. కాబట్టి రసద్ వర్తకుడి ఒక్కడి బాధ కాదు. చివరికి ఆ బరువు దిగేది నాగలి పట్టినవాడి భుజం మీదనే. మాడపాటి ఆలోచన సరిగ్గా ఈ బిందువు దగ్గర మొదలైందని చెప్పవచ్చు. వర్తకుడి ఫిర్యాదు, చాకలి ఫిర్యాదు ఒకటేనని ఒప్పించగలిగితే ఊరంతా ఒకచోట చేరుతుంది.

అవమానం నుంచి సంఘం

1921 నవంబరులో హైదరాబాదులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరిగింది. పుణె నుంచి వచ్చిన మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షత వహించారు. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటానికి లేచేసరికి సభలో గోల చెలరేగింది. ఎగతాళి చేసి ఆయనను కూర్చోబెట్టారు. రాజ్యంలో అత్యధికులు మాట్లాడే భాషకు రాజధాని సభలో దక్కిన గౌరవం అది. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘం స్థాపించుకున్నారు. మాడపాటి, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు వంటివారు దాని వెన్నెముకగా నిలిచారు. కార్యదర్శి బాధ్యత మాడపాటి భుజాన పడింది. తర్వాత జిల్లాలలోని సంఘాలను కలుపుతూ అది ఆంధ్ర జన కేంద్ర సంఘంగా విస్తరించింది.

సంఘం పుట్టుక భాషాభిమానంలో ఉన్నా, దాని మొదటి పనులలో వర్తకుల సమస్య చోటు చేసుకోవడం గమనించదగిన విషయం. ఇది యాదృచ్ఛికం కాదు. పల్లెలో తెలుగు చదవడం, రాయడం నిత్యావసరంగా ఉన్న కొద్దిమందిలో దుకాణదారు ఒకడు. ఆయన చిట్టా, ఖాతా పుస్తకాలు తెలుగులోనే ఉండేవి. వాటినే ఆధారంగా చూపి కోర్టుకు వెళ్తే వ్యవహారం ఉర్దూలో సాగేది. పత్రికకు చందాదారు కాగలిగినవాడు, గ్రంథాలయానికి పుస్తకాల ఖరీదు భరించగలిగినవాడు, బయటి ఊళ్ల వార్తలు మోసుకొచ్చేవాడు కూడా ఆయనే. 1889 నాటికి హైదరాబాదు నుంచి వరంగల్, మానుకోట మీదుగా బెజవాడ దాకా రైలుమార్గం పూర్తయింది. సరుకుతో పాటు సమాచారమూ ఆ దారిన రాసాగింది. హైదరాబాదు రాజ్యానికి సొంతంగా కరోడ్‌గిరి శాఖ ఉండేది. సరిహద్దు దాటే సరుకుపై నూటికి 5 చొప్పున సుంకం వసూలు చేసేది. ఆ తనిఖీల చికాకు ఎరిగిన వర్తకుడికి సర్కారు నియమం అంటే ఏమిటో, దాన్ని కింది ఉద్యోగి ఎలా వంచుతాడో వేరే పాఠం అక్కరలేదు.

రాజధానిలోని పెద్ద వ్యాపారులకు 1917లోనే వాణిజ్య మండలి ఏర్పడింది. నేటి తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య తన మూలాన్ని ఆ సంస్థలోనే చూసుకుంటుంది. నాలుగు బస్తాల బియ్యం, రెండు డబ్బాల నూనెతో దుకాణం నడిపే పల్లె వర్తకుడికి ఆ మండలి చాలా దూరం.

చిన్న పుస్తకం చేసిన పని

మాడపాటి మార్గం ఆవేశంతో కూడుకున్నది కాదు. వకీలు పద్ధతి అది. మొదట సర్కారు ఏమని ఆజ్ఞాపించిందో వెతికారు. వెట్టిని అదుపు చేస్తూ, తీసుకున్న సరుకుకు, చేయించుకున్న పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలని చెబుతూ ప్రభుత్వం అప్పుడప్పుడూ ఇచ్చిన గస్తీలు దొరికాయి. అంటే గ్రామాలలో జరుగుతున్నది ప్రభుత్వం తన నోటితో సమర్థించుకోలేని పని. ఆ ఉత్తర్వులను సంఘం తెలుగులోకి మార్చి, అందరికీ అర్థమయ్యేలా చిన్న పుస్తకాలుగా, కరపత్రాలుగా అచ్చువేయించి జిల్లాలకు పంపింది. వర్తకుల స్వేచ్ఛ గురించి ఒకటి, వెట్టిచాకిరి గురించి మరొకటి ఈ విధంగా వెలువడ్డాయి.

ఈ పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది. దుకాణం గల్లాపెట్టెలో ఆ పుస్తకం ఉండటం వేరు, లేకపోవడం వేరు. పటేలు మనిషి సంచి చాపినప్పుడు వర్తకుడు ఎదురుతిరగనక్కరలేదు. ఫలానా గస్తీ ప్రకారం ధర కట్టి ఇమ్మని అడిగితే చాలు. అది రాజద్రోహం కాదు, రాజాజ్ఞను గుర్తుచేయడం. సంఘం శక్తి అంతా ఆ మెలకువలో ఉంది.

అయితే ఒక్కడు అడిగితే ఆ ఒక్కడి మీదే దెబ్బ పడుతుంది. అందుకే వర్తకులు సంఘాలుగా ఏర్పడాలని కేంద్ర సంఘం ప్రోత్సహించింది. వ్యాపారం సాగే ఊళ్లలో వర్తక సంఘాలు తలెత్తాయి. దుకాణాలన్నీ ఒకే జవాబు చెప్పడం, ఎవరికైనా ఇబ్బంది వస్తే అందరి తరఫున అర్జీ పెట్టడం, తాలూకాలో న్యాయం దొరక్కపోతే పై అధికారికి, అక్కడా కాకపోతే రాజధానికి విన్నవించడం వాటి పనితీరు. రాజధానిలో ఆ కాగితాన్ని అందుకుని, చక్కని ఉర్దూలో తిరగరాసి, సరైన బల్ల మీదకు చేర్చడానికి మాడపాటి, ఆయన సహచరులు ఉన్నారు. పల్లె దుకాణానికీ రాజధాని కచేరీకీ మధ్య ఏనాడూ లేని దారి ఒకటి ఈ విధంగా పడింది.

ఫలితం అన్నిచోట్లా ఒకే తీరున లేదు. వర్తకులు గట్టిగా నిలబడిన ఊళ్లలో ఉద్యోగుల దూకుడు తగ్గింది. రోడ్డుకూ రైలుకూ దూరంగా, దొరల గడీల నీడలో ఉన్న గ్రామాలలో పాత పద్ధతే నడిచింది. ఎందుకంటే అక్కడ రసద్ అడిగేది పర్యటనకు వచ్చిన ఉద్యోగి ఒక్కడే కాదు. ఊరి దొర కూడా. దొరకు గస్తీ చూపించే ధైర్యం ఏ కోమటికీ లేదు.

పాఠశాలకూ పత్రికకూ చేయూత

హక్కు అడగడం నేర్చుకున్న వర్తకులు తర్వాత ఊరి కోసం ఏమి చేశారన్నది ఈ కథలో రెండో భాగం. 1920వ దశకంలో తెలంగాణలో గ్రంథాలయాలు ఒకదాని వెనుక ఒకటి వెలిశాయి. ఆంధ్ర జనసంఘం సభలతో పాటు గ్రంథాలయ సభలు కూడా జరిగేవి. పుస్తకాలయం అంటే ఆ రోజుల్లో ఒక గది, ఒక బీరువా, రెండు పత్రికలు. అద్దెకు, దీపానికి, పత్రిక చందాకు నెలనెలా కొంత సొమ్ము కావాలి. జమీందారుల పెద్ద విరాళాలు భవనాలకు పనికివచ్చాయి. నెలవారీ ఖర్చు మాత్రం వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు ఇచ్చే చిన్న చందాలపైనే ఆధారపడింది. సభ్యత్వ రుసుము, రశీదు, జమాఖర్చు పట్టిక, సంవత్సరాంతపు లెక్క చదివి వినిపించడం అన్న అలవాటు తెలంగాణ ప్రజాజీవితంలోకి వచ్చింది ఈ కాలంలోనే. ఖాతా పుస్తకం రాయడం వచ్చినవారు కోశాధికారులుగా ఉండటం ఆ సంస్థలకు కలిసివచ్చింది.

మరిపెడకు పొరుగునే, మానుకోట ప్రాంతంలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో తెనుగు పత్రికను నడిపించారు. అదే ఏడాది నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. రైలు పట్టాలకు దూరంగా ఉన్న పల్లెలో ముద్రణాలయం పెట్టి పత్రిక నడపడం ఈనాటికీ సాహసమే. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక ప్రారంభమయ్యాక జిల్లాల ఫిర్యాదులకు రాజధానిలో శాశ్వతమైన వేదిక దొరికింది.

మాడపాటి మనసుకు అన్నింటికన్నా దగ్గరైన పని ఆడపిల్లల చదువు. 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన రాజ్యం అది. తెలుగులో చదివిన బాలికలు ఉన్నత పాఠశాల పరీక్ష రాయడానికి స్థానికంగా మార్గం లేకపోయింది. అందుకు ఆయన పుణెలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం కుదిర్చారు. 1921లో తెలుగుకు అవమానం జరిగిన సభకు అధ్యక్షుడైన కర్వే గారి సంస్థే తెలుగు బాలికలకు పట్టా ఇచ్చే దిక్కు కావడం చరిత్రలోని చమత్కారం. పాఠశాల కోసం మాడపాటి గడపగడపకూ తిరిగి చందాలు పోగుచేశారు. చందా కోసం చేయి చాపడంలో నామోషీ ఎరుగని వ్యక్తిగా పేరు తెచ్చుకున్నారు.

జోగిపేట నుంచి భువనగిరి దాకా

1930లో మెదక్ జిల్లా జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ సురవరం అధ్యక్షతన జరిగింది. దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ ఆ సభలో పాల్గొనడం కొందరు అగ్రవర్ణాల వారికి రుచించలేదు. వెట్టి పోవాలని కోరే సభలోనే ఈ గొడవ రేగడం చూస్తే, తన బరువు దింపుకోవాలన్న కోరిక, పక్కవాడి బరువు దింపాలన్న కోరిక ఎప్పుడూ ఒక్కటి కావని తెలుస్తుంది. దేవరకొండ, ఖమ్మం సభల తర్వాత 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో మహాసభకు మాడపాటి అధ్యక్షులయ్యారు. నేతకు పేరుగాంచిన ఊరది. సభలలో తీర్మానాలు విద్య, గ్రంథాలయాలు, వెట్టి, వ్యవసాయం, వర్తకం చుట్టూ తిరిగేవి. సభ జరపడానికే అనుమతి తెచ్చుకోవాలని శాసించే 53వ నంబరు గస్తీ తల మీద కత్తిలా వేలాడుతుండేది. రాజకీయం మాట్లాడబోమని హామీ ఇస్తేనే అనుమతి. ఆ హామీ ఇచ్చి, సభలో మాట్లాడవలసినదంతా అర్జీ భాషలో మాట్లాడించడం మాడపాటి నేర్పు.

ఈ మధ్యకాలంలోనే, 1930లో, హైదరాబాదు రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ధాన్యం, పత్తి క్రయవిక్రయాలకు నిర్ణీత స్థలం, తూనికలకు నియమం, దలాలీకి హద్దు ఏర్పరచడం దాని ఉద్దేశం. 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు పొగగొట్టం లేచింది. తెలంగాణ పత్తికి ఇంటి దగ్గరే కొనుగోలుదారు దొరికాడు. అంగడికి రూపురేఖలు మారుతున్నాయి. వర్తకుడి బలమూ పెరిగింది.

ఆ బలమే విమర్శకూ కారణమైంది. యువతరం ఒక ప్రశ్న లేవనెత్తింది. మహాసభ ఎవరిది? పట్టణపు వకీళ్లదీ వర్తకులదీ భూస్వాములదీనా, లేక వడ్డీ కట్టలేక భూమి పోగొట్టుకుంటున్న రైతుదా? ప్రశ్నలో న్యాయం ఉంది. అధికారి నోట పడి విలవిలలాడిన వర్తకుడే, పంట చేతికి రాకముందే దాని ధర తేల్చి అప్పిచ్చే షావుకారు కూడా. నాగు పేరుతో ఇచ్చిన గింజలకు పంటనాడు ఒకటికి ఒకటిన్నరో, రెండో కొలిపించుకునేవారు పల్లెల్లో ఎందరో. వర్తక సంఘం దుకాణదారును కాపాడింది. ఆ దుకాణదారు నుంచి రైతును కాపాడే ఏర్పాటు అందులో లేదు. మాడపాటి మితవాదిగా అర్జీలనే నమ్ముకున్నారని, గడీల జోలికి పోలేదని వచ్చిన ఆక్షేపణను కాదనడం కష్టం. అయితే అర్జీ రాయడం కూడా తెలియని చోట ఆయన మొదలుపెట్టారన్న సంగతిని విస్మరించడమూ న్యాయం కాదు.

1941లో చిలుకూరు మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. కూలీ, చిన్నరైతు, చేతివృత్తులవారు సభ్యులయ్యారు. 1944 భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలింది. మాడపాటి మితవాదుల పక్షాన ఉండిపోయారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాక ఉద్యమం మరో దారి పట్టింది. పల్లెల్లో సంఘం అంటే ఇక వర్తక సంఘం కాదు. గడీల తలుపులతో పాటు షావుకార్ల అప్పుపత్రాలూ మంటల్లో పడ్డాయి. ఇరవై ఏళ్ల కిందట గస్తీ పుస్తకం చేతపట్టి రసద్ ధర అడిగిన తరం, ఇప్పుడు తన ఖాతా పుస్తకానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. నేటి మహబూబాబాద్ జిల్లా పల్లెలు ఈ రెండు దశలనూ చూశాయి.

మేయరు పీఠం, మండలి పీఠం

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. మాడపాటి తాను చూసిన, నడిపిన ఉద్యమ చరిత్రను తెలంగాణా ఆంధ్రోద్యమము పేరుతో గ్రంథస్థం చేశారు. ఆనాటి సంఘాల పనితీరు తెలుసుకోవాలనుకునేవారికి అది నేటికీ మొదటి ఆకరం. సొంత పాత్రను వెనక్కి నెట్టి సహచరుల పేర్లను ముందుంచి రాసిన తీరు ఆ పుస్తకంలో కనిపిస్తుంది.

1951లో హైదరాబాదు నగర మేయరుగా ఎన్నికయ్యారు. 1954 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1955లో కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958లో ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షులుగా ఎన్నికై 1964 వరకు కొనసాగారు. అప్పటికి వయసు డెబ్బై దాటింది. ఈ పదవులన్నింటిలోనూ ఆయన దుస్తులు, నడవడి మారలేదని సమకాలికులు చెప్పుకునేవారు. భార్య మాణిక్యమ్మ బాలికల పాఠశాల పనిలో చివరిదాకా తోడు నిలిచారు.

మాడపాటి హనుమంతరావు 1970 నవంబరు 11న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన 86వ ఏట ఉన్నారు. నారాయణగూడలో ఆయన ప్రారంభించిన బడికి తర్వాత ఆయన పేరే పెట్టారు. మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాలగా అది వేలాది మంది తెలుగు ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించింది.